ఏడింట్లో ఎన్ని ఎరుపు

ఇది నిద్రపోకూడదు, ఇది నిద్రపోయిందంటే నా మనవరాలి రెండేళ్ల కష్టం కూడా దీంతోపాటే పడుకుంటుంది, అందుకే ఈ లాప్‌టాప్ ముందు పీట వేసుకొని కూర్చున్నాను, కాసేపటికొకసారి కింద ఉన్న ఆ నున్నటి పలక మీద వేలు ఆనించి జరుపుతున్నాను, జరిపినప్పుడల్లా తెర మీద చిన్న బాణం ఉలిక్కిపడినట్టు కదులుతుంది, హమ్మయ్య మేలుకొనే ఉంది అనుకుంటాను. నలుగురు పిల్లలను కన్నదాన్ని, పదకొండు మందికి పురుళ్లు పోసిన ఇంట్లో తిరిగినదాన్ని, జోకొట్టి నిద్రపుచ్చడం నాకు తెలుసు, నిద్రపోకుండా జోకొట్టడం మాత్రం ఈ వయసులో ఇస్నాపూర్ కిరాయి గదిలో నేర్చుకుంటున్నాను. తెర అడుగున ఒక సన్నటి గీత ఉంది, ఆకుపచ్చగా, అది ఎడమ నుంచి కుడికి నిండుకుంటూ పోతోంది, చివరిదాకా నిండితే పని అయిపోయినట్టు, అప్పుడు రంగులొస్తాయి అమ్మమ్మా, ఎరుపొస్తే నమ్మొచ్చు, నీలం వస్తే నమ్మొద్దు, అంతే గుర్తుపెట్టుకో అని చెప్పి పోయింది నా బిడ్డ కూతురు డెబోరా. ఎరుపు నమ్మాలి, నీలం నమ్మొద్దు. ఎరుపు నమ్మాలి, నీలం నమ్మొద్దు. గీత ముప్పాతిక నిండింది. నా గుండె మాత్రం ఎప్పుడో నిండిపోయి పొంగుతోంది, పాలు పొయ్యి మీద పెట్టి వాకిట్లోకి వచ్చినట్టుంది నాకు.

దీన్ని చంకనేసుకొని ఆఫీసుకే పోవచ్చు కదా అన్నాను పొద్దున, దాని బ్యాటరీ చచ్చిపోయింది అమ్మమ్మా, ప్లగ్గు పీకితే ఆ క్షణమే ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి రాత్రంతా నడవాలి అంది. ఆఫీసులో ఉన్న పెద్ద కంప్యూటరేమో వేరేవాళ్ల పనితో ఊపిరాడకుండా ఉందట. పన్నెండు గంటలకు మీటింగు. పటాన్‌చెరులో దాని ఆఫీసు, విత్తనాల మీద పరిశోధన చేసేది, అక్కడ ఈ వానాకాలం ఏ జొన్నకు మడి ఇవ్వాలో ఏ జొన్నను సంచిలో కట్టి పక్కన పెట్టాలో ఇవాళే తేలుస్తారు. మా పచ్చజొన్నకు మడి దొరకాలంటే ఒక సంగతి తేలాలి. తేలకపోతే ఇంతే సంగతులు, వచ్చే ఏడుకు ఈ పనే ఉండదు, డబ్బాలో ఉన్న గింజలు డబ్బాలోనే పాతబడతాయి. మీటింగుకు పోతూ చెప్పులేసుకుంటూ నా వైపు చూసింది చూడండి, మూడో తరగతిలో పద్యం మరిచిపోయి బడి గేటు దగ్గర నిలబడ్డ పిల్లలాగే ఉంది దాని మొహం. పో బిడ్డా, నేనున్న కదా అన్నాను. నేనుండి ఏం చేస్తాను, వేలు జరుపుతాను.

ఆ పచ్చజొన్న నాదే. నాదంటే నేను పుట్టించినదా, మా అత్త ఇంటిది, గుమ్మడిదల దిక్కు మా ఊళ్లో అందరి ఇళ్లలో ఉండేది ఒకప్పుడు. తర్వాత మందుల కంపెనీలొచ్చాయి, బావి నీళ్ల మీద తెట్టు కట్టింది, సగం మంది భూములు అమ్ముకున్నారు, మిగతా సగం పత్తి పెట్టారు, జొన్న రొట్టె తినేవాళ్లు షుగరు వచ్చాక మళ్లీ దుకాణంలో పిండి కొనుక్కోవడం మొదలుపెట్టారు. నేను మాత్రం చర్చి వెనక ఉన్న జాగాలో పాస్టరు ఏబెల్ అయ్యగారిని అడిగి ఏటా పిడికెడు గింజలు చల్లుకునేదాన్ని, పెద్ద ఆలోచనేం కాదు, ఆ రొట్టె రుచికి, కాల్చేటప్పుడు వచ్చే ఆ వాసనకు. జొన్నకు మల్లె పడుతుంది కదా, మల్లెపూవు కాదు, అదొక కలుపు, చిన్న చిన్న తెల్లపూలు, చూడటానికి ముద్దుగానే ఉంటుంది, మట్టి లోపల జొన్న వేరును పట్టుకొని రసమంతా తాగేస్తుంది, పైన చేను ఎండిపోతుంటే కింద ఇది పూలు పూస్తుంది. చర్చి జాగాలో గడ్డికి మల్లె పట్టింది, పక్కవాళ్ల జొన్నకు పట్టింది, మా పచ్చజొన్న మొదళ్ల దగ్గర మాత్రం అది మొలవలేదు. సెలవులకొచ్చిన డెబోరా మోకాళ్ల మీద కూర్చుని అరగంట మట్టి గీకింది. ఏం పోగొట్టుకున్నావే అన్నాను. దొరికిందేమో చూస్తున్న అంది. ఆ పొద్దు మొదలైంది ఇదంతా.

మళ్లీ వేలు జరిపాను. బాణం కదిలింది. మంచిది.

గింజ లోపల ఒక రాత ఉంటుందట, డీఎన్‌ఏ అంటారు, నాలుగే నాలుగు అక్షరాలతో మైళ్ల పొడుగునా రాసి ఉంటుందట, దేవుడు ఎంత పొదుపుగా రాశాడో చూడండి, నాకు చర్చి బడిలో యాభైకి పైగా అక్షరాలు నేర్పితే అందులో సగం ఇప్పటికీ తడబడతాను. మా పచ్చజొన్న రాతనూ మిగతా జొన్నల రాతలనూ ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే ఒక చోట ఏడు అక్షరాలు తేడాగా ఉన్నాయట. ఆ ఏడింటి వల్లనే మల్లె పట్టడం లేదని డెబోరా ఆశ. అయితే దాని పైన మురళీమోహన్ సారని ఉన్నాడు, చెడ్డవాడేం కాదు, ఒకసారి మా గదికొచ్చి జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పోయాడు, ఆయన అన్నాడట, అమ్మాయ్, ఆ ఏడు నిజంగా తేడాలేనా, లేక నువ్వు పేర్చడంలో జరిగిన తేడాలా, ముందు ఆ పేర్పు నమ్మదగ్గదో కాదో తేల్చు అని. ఆ మాట విన్న రోజు అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు అది. రాత కింద రాత పెట్టి పేర్చడంలో నమ్మకపోవడానికి ఏముందే అని నేనడిగాను, అడిగినదాన్ని అడిగినట్టే ఉంచకుండా అది నాచేత పాట పాడించింది.

విసురురాయి పాట. మా పుట్టిల్లు వెలిమెల, అక్కడ మా అమ్మ ఒక తీరు పాడేది. అత్తగారింటికి వస్తే అదే పాట మా అత్త ఇంకో తీరు పాడేది, కొత్త కోడల్ని నేను రాయికి ఇటు, ఆమె అటు, పిడి ఒకటే, పాట దగ్గర మాత్రం ఇద్దరం తన్నుకులాడేవాళ్లం. పచ్చజొన్న పగలు విసురు, తెల్లజొన్న రేపు విసురు, ఎడ్లకు కుడితి పెట్టి విసురు, ఏడ్చే బిడ్డకు పాలిచ్చి విసురు, ఇది మా అమ్మది. మా అత్త పాటలో తెల్లజొన్న లేనే లేదు, పగలు విసిరాక నేరుగా ఎడ్ల దగ్గరికే పోయేది. డెబోరా రెండు పాటలనూ పక్కపక్కన రాసింది. ఇప్పుడు చూడు అమ్మమ్మా, తెల్లజొన్న ఎదురుగా జాగా ఖాళీ వదిలితే, ఎడ్లకు ఎడ్లు, బిడ్డకు బిడ్డ, అన్నీ జతకూడుతాయి, ఖాళీ వదలకపోయినవా, తెల్లజొన్నకు ఎదురుగా ఎడ్లు, ఎడ్లకు ఎదురుగా బిడ్డ, ఇగ కిందిదాకా అన్నీ తప్పులే, రెండు వేరే పాటలని చెప్పేస్తవు నువ్వు అంది. నిజమే కదా. బడిలో పిల్లలు వరస కట్టినప్పుడు ఒకడు మధ్యలోంచి తప్పుకుంటే వెనకున్న వాళ్లందరి జతలూ మారిపోయినట్టు. అంతటితో ఆగలేదు, మధ్యలో సువ్వీ సువ్వీ అని అంటాం కదా, మీ అమ్మ ఆరుసార్లు అంటది, మీ అత్త నాలుగుసార్లు అంటది, మరి మీ అత్త అన్న మూడో సువ్వికి మీ అమ్మ పాటలో జత ఏది, మూడోదా, ఐదోదా అని అడిగింది. సువ్వికి జత చెప్పడం ఎవరి తరం, అన్నీ ఒకటే మాటలాయె. గదే అమ్మమ్మా, నా జొన్న రాతల గూడ ఒక చోట గట్లనే ఉన్నది, ఒకటే ముక్క మళ్లమళ్ల వస్తది, నా ఏడు తేడాలల్ల కొన్ని గా సువ్వి దగ్గర్నే ఉన్నయ్, గదే నా భయం అంది, అని నవ్వింది, నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అందుకే ఇప్పుడు ఈ యంత్రం చేస్తున్నదేమిటంటే, ఆ రాతలన్నిటినీ కొంచెం కొంచెం కదిపి మళ్లీ మళ్లీ పేరుస్తోంది, మొదటి నుంచి పేర్చి చూస్తోంది, తిరగేసి చివరి నుంచి పేర్చి చూస్తోంది. ఎటు నుంచి వచ్చినా, ఎన్నిసార్లు కదిపినా అదే జత కుదిరితే ఎరుపు. ఒకసారి ఇటు ఒకసారి అటు పోతే నీలం. నాకిది ఎంత నచ్చిందో చెప్పలేను. మా అత్త నాట్లప్పుడు సాళ్లు లెక్కపెట్టమంటే తూర్పు గట్టు నుంచి ఒకసారి, పడమటి గట్టు నుంచి ఒకసారి లెక్కపెట్టించేది, రెండూ ఒకటైతేనే కూలివాళ్లకు జవాబు చెప్పేది, నాకప్పుడు ఆమె మీద ఎంత కోపమో, ఎండలో రెండుసార్లు తిప్పుతోందని. ఆమె ఇప్పుడుంటే ఈ తెర ముందు కూర్చోబెట్టేదాన్ని. కూర్చునేది కాదులెండి, ఆమెకు కుర్చీ అన్నా పీట అన్నా పడదు, నేలే కావాలి, చనిపోయే ముందు ఆస్పత్రి మంచం మీద కూడా దిగుతా దిగుతా అనే గోల, ఆ నర్సు పిల్ల కేరళ పిల్ల, దానికి తెలుగు రాదు, మా అత్తకు మలయాళం రాదు, ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు.

గీత ఇంకా నాలుగు వేళ్ల మందం మిగిలింది, ఇంతలో మెట్ల మీద అడుగులు, బిందెల చప్పుడు, పైగదిలో బిహారోళ్ల కోడలు పానీ ఆగయా అని కేకేసింది. నా ప్రాణం పోయింది. ఇవాళ నీళ్ల వంతు అన్న సంగతి డెబోరాకు గుర్తు లేదు, నాకూ లేదు. ఈ బిల్డింగులో ఒక పద్ధతుంది, నీళ్లొచ్చి కింద సంపు నిండగానే మోటరు వేస్తారు, మోటరు వేసే ముందు ప్రతి గదిలో ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి, ప్లగ్గులన్నీ పీకాలి, ఒక్కటి ఉన్నా మెయిన్ టప్పున పడిపోతుంది, బిల్డింగు మొత్తం చీకటి. పీకితే గీత ఆగుతుంది, పీకకుండా మోటరు వేస్తే మెయిన్ పడుతుంది, మెయిన్ పడితే కరెంటు పోతుంది, కరెంటు పోతే నా ముందున్న గీత పోతుంది. ఎటు చూసినా నాకు దారి లేదు.

ముందు ముత్యమ్మ వచ్చింది, పక్క గది, కంపెనీలో సీసాలకు మూతలు పెట్టే పని, రాత్రి డ్యూటీ చేసొచ్చి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ప్లగ్గు పీకినవా పెద్దమ్మా?"

"పీకలే."

"జల్దీ పీకు, మల్ల పన్నెండైతె నీళ్లు బందైతయ్."

"నేను పీక ముత్యమ్మా. జెర సేపాగుండ్రి."

ఆమె నా మొహం చూసి, తెర చూసి, మెట్ల వైపు తిరిగి అందరికీ వినిపించేలా చెప్పింది, ముసలమ్మ పీకదంట. అంతే, ఓనరమ్మ నాగేశ్వరి పైకి వచ్చింది, ఆయాసంతో, చేతిలో మోటరు గది తాళం చెవి.

"ఏందవ్వా, ఐదు గదులోళ్లు బిందెలు పట్టుకొని నిలవడ్డరు. సినిమా సూస్తున్నవా?"

"జొన్న సూస్తున్న."

"జొన్ననా? గీ డబ్బలనా?"

ఏం చెప్పాలి ఈమెకు. డీఎన్‌ఏ అంటే వినదు, మీటింగంటే వినదు, కిరాయి కట్టే వాళ్ల మీటింగు ఆమెకెందుకు. నా నోటికి పాట తప్ప ఇంకేం రాలేదు. విసురురాయి పాట ఎరుకేనా నాగేశ్వరీ అన్నాను, నా గొంతు నాకే వింతగా వినిపించింది. మా అమ్మది పాడాను, మా అత్తది పాడాను, గిదీ సంగతి, గీ రెండు పాటలు ఒకటేనా కాదా అని గీ మిషిని తేలుస్తున్నది, గిప్పుడు పీకితె నా మనవరాలు రెండేండ్లు నిద్రలేకుండ రాసింది బుగ్గిపాలు అన్నాను. ఆమె చేతిలో తాళం చెవి అట్లాగే పట్టుకొని నిలబడింది. నేను అనుకున్నాను ఇక తిడుతుందని. తిట్టలేదు, మొహం చిట్లించింది.

"రెండూ తప్పే. మా అవ్వ గట్ల పాడకపోయేది."

"మీ అవ్వ ఎట్ల పాడేది?"

"పచ్చజొన్న పగలు విసురు, ఎర్రజొన్న మాపు విసురు, ఎడ్లకు కుడితి పెట్టి విసురు. ఇస్నాపూర్ల అందరు గిట్లనే. తెల్లజొన్న యాడికెల్లి వచ్చిందవ్వా నీకు?"

చూడండి, మా అత్త పాటలో డెబోరా ఖాళీ వదిలిన చోట ఈమె పాటలో ఎర్రజొన్న కూర్చుని ఉంది, అంటే అక్కడ ఒక మాట ఉండేదన్నమాట, మా ఊళ్లో రాలిపోయిందన్నమాట, మూడో పాట వచ్చి ఆ రెండింటి మధ్య తీర్పు చెప్పింది. డెబోరా చెప్పిందే, ఎన్ని ఊళ్ల జొన్నలు పెడితే అంత గట్టిగా తెలుస్తది అమ్మమ్మా అని, అప్పుడు ఊ కొట్టాను గానీ ఇప్పుడు తెలిసింది. ముత్యమ్మ అందుకుంది, మా జహీరాబాద్ దిక్కు ఎడ్లే లేవు, బర్లకు కుడితి అంటరు అంది. నాగేశ్వరి తాళం చెవిని బొడ్లో దోపుకొని, బర్లెట్ల వస్తయే పాటల, ఎద్దు పాటల బర్రె జొర్రవడుడేంది అని ముత్యమ్మ మీదికి పోయింది. బిహారోళ్ల కోడలు గుమ్మంలో నిలబడి నవ్వుతూ తన భాషలో తమ వాళ్ల విసురురాయి పాట ఒక ముక్క అంది, మాకెవ్వరికీ అర్థం కాలేదు, రాగం మాత్రం మా సువ్వికి దగ్గరగానే ఉంది. నేను మాత్రం వాళ్ల వెనక నుంచి గీత చూస్తున్నాను. రెండు వేళ్ల మందం. మాట్లాడండి తల్లుల్లారా, కొట్టుకోండి, మీ నోళ్లకు మొక్కుతాను.

పాట ఎంతసేపు పాడతారు, కింద నుంచి మగగొంతు మోటరు మోటరు అని అరిచింది. నాగేశ్వరికి మోటరు గుర్తొచ్చింది, నా ప్లగ్గు వైపు చూసింది. నేను ప్లగ్గుకు అడ్డంగా జరిగి కూర్చున్నాను, బతిమాలే మాటలు అయిపోయాయి. ఆమె ఒక్క క్షణం చూసి, నోట్లో ఏదో గొణుక్కుని, మెట్ల మీదికి పోయి కేకేసింది.

"సంపు మూత తియ్యుండ్రి. చాంతాడు, బకీటు తెండ్రి. ఇయ్యాల చేదుకోని తాగుడే. ఒక్కనాటికి చేతులేం ఇరుగయ్ గని."

కింద తిట్లు వినిపించాయి, తర్వాత మూత జరిపిన చప్పుడు, బకెట్టు నీళ్లలో పడ్డ చప్పుడు, ఎంతకాలమైంది ఆ చప్పుడు విని. ముత్యమ్మ నిద్ర కళ్లతోనే నా బిందె కూడా తీసుకుపోయింది. నేను తెర దగ్గర ఒంటరిగా మిగిలాను, వేలు జరుపుతున్నాను, జరపాల్సిన పని లేకపోయినా జరుపుతున్నాను. ఒక వేలు మందం. గోరంత. ఇక లేదు.

తెర తెల్లబడింది. నా కళ్లే మసకబారాయేమో అనుకున్నాను. తర్వాత పై నుంచి కిందికి వరసలు వరసలుగా అక్షరాలు దిగాయి, వాటి వెనక రంగులు, ఒక్కొక్క నిలువు గీతకు ఒక్కొక్క రంగు, ఎరుపు ఎరుపు ఎరుపు, ఎర్ర చీరలు ఆరేసినట్టు, నాకు కేకేయాలనిపించింది, ఇంతలోనే మధ్యలో నీలం, పెద్ద చెరువంత నీలం. డెబోరా ఆ ఏడింటి దగ్గర పైన చిన్న చుక్కలు పెట్టించిందట, చుక్క ఉన్నచోటే చూడు అమ్మమ్మా అంది. చుక్కలు వెతికాను. ఒకటి నీలంలో. రెండు నీలంలో. మూడు, నాలుగు, నీలం. ఐదు నీలం, ఆరు నీలం. ఆ చెరువు దాటి, గట్టు ఎక్కినట్టు, ఒంటరిగా ఒక చుక్క. దాని కింద ఎరుపు. పక్కన కూడా అటూ ఇటూ ఎరుపే. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుని చూశాను, కుడి నుంచి ఎడమకు కూడా చూశాను. ఎరుపే.

ఫోను మోగింది. మొహం కనపడే ఫోను. డెబోరా వెనక పెద్ద బల్ల, చుట్టూ మనుషులు, ఎవరో గ్లాసులో నీళ్లు తాగుతున్నారు.

"అయ్యిందా అమ్మమ్మా?"

"అయ్యింది బిడ్డా."

"ఫోను తిప్పి చూపియ్యి. ఎడమ దిక్కు నుంచి మెల్లగ."

ఫోనులో తెర మొత్తం పట్టదు, నాలుగు వేళ్ల వెడల్పే పడుతుంది. ముందు ఆ ఎర్రటి ఒక్కదాన్నే చూపిస్తే దాని ప్రాణం కుదుటపడుతుంది కదా అని చెయ్యి అటే పోయింది. కుడి వైపు పోయిన చేతిని వెనక్కి తెచ్చాను. ఎడమ నుంచే మొదలుపెట్టాను. నీలం మీదుగా మెల్లగా నడిపించాను, ఒక్కొక్క చుక్క దగ్గర ఆగాను, అది చూడాలి కదా, పూర్తిగా చూడాలి. ఫోనులో దాని ఊపిరి వినిపిస్తోంది. ఆరో చుక్క దగ్గర ఆ ఊపిరి కూడా ఆగింది. ఏడో దాని మీదికి తెచ్చాను.

అవతల నా పిల్ల గొంతు వినిపించింది, నాతో కాదు, ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లతో, వణుకు లేదు అందులో.

"సార్, ఆరు తీసేస్తున్న. అవి మళ్లమళ్ల వచ్చే ముక్కల దగ్గర ఉన్నయ్, పేర్పు అక్కడ నిలవలేదు. ఒక్కటి నిలిచింది."

"కదిపినప్పుడల్లా అక్కడే ఉందా?" ఇది మురళీమోహన్ సారు గొంతు.

"ప్రతిసారి అక్కడనే సార్. తిరగేసినా అక్కడనే."

"ఏడు అన్నప్పుడు నాకు మనసొప్పలేదమ్మాయ్. ఒకటి అంటున్నావు చూడు, ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. ఇది రుజువు కాదు, తెలుసు కదా. మల్లె ఉన్న నేలలో పెట్టి చూస్తేనే రుజువు." కాగితాలు తిప్పిన చప్పుడు. "పచ్చజొన్నకు మడి రాసుకోండి."

అప్పుడు నేను ఆగలేకపోయాను, ఫోను ఇంకా తెర వైపే ఉంది, నా మాట అందరికీ వినపడుతుందని నాకేం తెలుసు.

"మడంటె ఎంత మడి సారూ?"

అవతల నవ్వులు, డెబోరా అమ్మమ్మా అని మందలించబోయి తానే నవ్వేసింది, సారు గొంతు దగ్గరికొచ్చింది.

"రెండు సాళ్లమ్మా. ఈసారికి అంతే. సరిపోతుందా?"

రెండు సాళ్లు. జానకొక చోట, ఎక్కడైనా మొలక తప్పిపోతుందేమో గనుక చోటుకు రెండేసి గింజలు, తొలకరి పడ్డ మర్నాడు నేల వేలికి అంటుకోకుండా చల్లగా ఉన్నప్పుడు, వేలి కణుపు లోతున, వంగినదాన్ని లేవకుండా ఈ చివర నుంచి ఆ చివరకు పోయి మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు.

"సాలు సారూ. ఎండెక్కక ముందే పెట్టేస్తం," అన్నాను.